గొడుగుల డ్రమ్ము

దేవస్సి తన సూపర్ మార్కెట్టు అమ్మేశాడన్న మాట శ్రీకళ మొదట బస్సులో విన్నది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు చేపల ధర గురించి మాట్లాడుకుంటూ మధ్యలో ఆ ఊసు తెచ్చారు.

"దేవస్సి కొట్టు కూడా కంపెనీవాళ్ళు తీసుకున్నారుగా. అద్దాల తలుపులు పెడతారంట, ఏసీ పెడతారంట."

"పెట్టనీ. ధరలు చూశాక పట్టే చెమట అక్కడే ఆరబెట్టుకోవచ్చు."

ఇద్దరూ నవ్వుకుని మళ్ళీ చేపల్లోకి వెళ్ళిపోయారు. శ్రీకళకు మాత్రం ఆ తర్వాతి మాటలేవీ వినపడలేదు. ముసురు పట్టే కర్కిటక మాసపు వాన. కిటికీలకు టార్పాలిన్ దించేసిన బస్సులో గాలి ఆడడం లేదు. జంక్షన్ దగ్గరపడగానే ఆమె రోజూ చేసే పనే చేసింది. టార్పాలిన్ కొస పైకెత్తి, వాన ముఖాన కొడుతున్నా లెక్కచేయక, దేవస్సి కొట్టు గుమ్మం వైపు చూసింది.

గుమ్మం పక్కన నీలం రంగు డ్రమ్ము ఉంది. అందులో ఎప్పటిలాగే నల్ల గొడుగులు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, అన్నిటికంటే ఎత్తుగా, ఎర్రతాడు చుట్టిన వంకీ పిడి ఒకటి కనిపించింది. అమ్మ లోపలే ఉంది. శ్రీకళ టార్పాలిన్ వదిలి వీపు వెనక్కి ఆనించింది.

ఆ డ్రమ్ము సగానికి కోసిన తారు పీపా. కేరళలోని ఈ అలప్పుళలో గొడుగు లేని మనిషి ఉండడు, నలుపు కాని గొడుగూ అరుదే. అందుకని ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. ఒకరు పిడి మీద పేరు రాయిస్తారు, ఒకరు రంగు దారం కడతారు. శ్రీకళ తల్లి తంకమణిది పొడవాటి మగవాళ్ళ గొడుగు, చనిపోయిన భర్తది. దాని పిడికి ఆమె తానే ఎర్ర రంగు వేసిన కొబ్బరి పీచుతాడు పేనింది. ఆ పేనిన తీరు చూస్తేనే తెలుస్తుంది, జీవితమంతా పీచు చాపల ఫ్యాక్టరీలో గడిపిన చేతులని.

ఆ చేతులు ఏదీ మరచిపోలేదు. మరచిపోయింది మనిషి. ముందు కూరలో ఉప్పు మరచింది, తర్వాత ఇరుగుపొరుగు పేర్లు మరచింది, ఆ తర్వాత భర్త పోయిన సంగతి మరచింది. చివరికి ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళయిందన్న మాటా మరచి, రోజూ పొద్దున్నే గొడుగు తీసుకుని పనికి బయలుదేరడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ కాలువకు అవతల ఉండేది. కాలువ మీది వంతెనకు ఒక పక్క రెయిలింగు లేదు.

ఇంట్లో ఉన్నది తల్లీ కూతురూ ఇద్దరే. శ్రీకళ ఒక వకీలు దగ్గర టైపు పని చేస్తుంది. ఒకరోజు గత్యంతరం లేక తలుపుకు బయట తాళం వేసి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి తలుపు లోపలి వైపు నెత్తుటి మరకలున్నాయి. తల్లి గోడకు ఆనుకుని కూర్చుని తన అరచేతుల్ని తానే వింతగా చూసుకుంటోంది. ఆ తర్వాత శ్రీకళ ఆ తాళాన్ని బావిలో పారేసింది.

దారి చూపింది దేవస్సే. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా ఒకప్పుడు గొడుగులకు ఇలాంటి డ్రమ్మే ఉండేది. ఒకనాడు తంకమణి కాలువ వైపు పోతూ, ఈ డ్రమ్ము చూసి ఆగి, గొడుగు అందులో పెట్టి నేరుగా కొట్లోకి నడిచింది. "పని ఎక్కడ?" అని అడిగింది. దేవస్సి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, ఒక మోపు కరివేపాకూ, కాస్త అరటి నారా ఆమె ముందు పెట్టాడు. అప్పటినుంచి ఆమె రోజూ వస్తుంది. వెనక బావి వైపు వరండాలో కూర్చుని కరివేపాకు కట్టలు కడుతుంది. మధ్యాహ్నం కొట్టు అమ్మాయిలతో కలిసి తింటుంది. డ్రమ్ములోంచి గొడుగు తీసిందంటే ఇంటికి బయలుదేరినట్టే. క్యాషు దగ్గర కూర్చునే జెస్సి వెంటనే శ్రీకళకు ఫోను చేస్తుంది.

జంక్షన్‌లో బస్సు దిగి శ్రీకళ నేరుగా దేవస్సి దగ్గరకు వెళ్ళింది. అన్నలా అతన్ని చేట్టా అనే పిలుస్తుంది.

"నిజమేనా చేట్టా?"

"ఏది? నా మోకాళ్ళు అరిగిన సంగతా, కొట్టు అమ్మిన సంగతా? రెండూ నిజమే మోళే, నా తల్లీ."

"అమ్మకపోతే ఏమయ్యేది?"

"అమ్మకపోతే ఎదురుగా పోస్టాఫీసు పక్కన వాళ్ళ కొట్టు పెడతామన్నారు. మర్యాదగానే చెప్పార్లే. కసాయివాడు కూడా ఆకు చూపించే కదా మేకను పిలిచేది." దేవస్సి నవ్వబోయి మానేశాడు. "నువ్వు అడగబోయేది నాకు తెలుసు. జెస్సిని ఉంచుకుంటామన్నారు. మీ అమ్మ సంగతి కూడా ఆ మేనేజరుతో చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఓకే సార్ అన్నాడు. ఆ కుర్రాడు అన్నిటికీ ఓకే సార్ అంటాడు. నీ కొట్టు తగలబెడతానురా అన్నా ఓకే సార్ అనేట్టున్నాడు. అదే నా భయం."

వరండాలోంచి తంకమణి గొడుగు కోసం లేచి వచ్చింది. కూతుర్ని చూసి, "ఆలస్యమైందే ఇవాళ?" అంది. ఆ రోజు ఆమెకు కూతురు గుర్తుంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇల్లు చేరారు. దారి పొడుగునా శ్రీకళ కాలువ చప్పుడు వింటూనే ఉంది.

కొట్టు మూసి, లోపల కొత్త అలమారాలూ దీపాలూ బిగించే పని మొదలైంది. శ్రీకళ సెలవు పెట్టి తల్లి వెంట తిరిగింది. పొద్దున్నే తంకమణి మూసిన షట్టరు ముందుకు వెళ్ళి వేళ్ళతో తట్టేది. లోపలినుంచి డ్రిల్లింగు మోత తప్ప జవాబు లేదు.

"సమ్మెనా?" అని అడిగింది మొదటి రోజు.

శ్రీకళ "ఊఁ" అంది.

"మరి జెండా ఏదే? జెండా లేని సమ్మె ఏం సమ్మె?" అంటూ తంకమణి షట్టరు ముందు మెట్టు మీద కూర్చుంది. పిడికిలి బిగించి, ఎన్నడో ఫ్యాక్టరీ గేటు ముందు అరిచిన నినాదం మొదలుపెట్టింది. ఎదుటి ఆటో స్టాండులో సుగుణన్ అనే డ్రైవరు మొదట తెల్లబోయాడు. తర్వాత ఆటోలోంచే పిడికిలెత్తి "జిందాబాద్" అన్నాడు. స్టాండంతా అందుకుంది. తంకమణి ముఖం వెలిగిపోయింది.

"ఒసే శ్రీకళా, మీ అమ్మ గెలుస్తుందే ఈ సమ్మె. కంపెనీ పారిపోవాల్సిందే" అన్నాడు సుగుణన్. శ్రీకళ కూడా నవ్వింది. నవ్వుతూనే షట్టరు సందులోంచి లోపలికి చూసింది. బావి వైపు వెళ్ళే దారిని తెల్ల ప్లైవుడ్డు పలకతో మూస్తున్నారు.

ఓణం పండుగ నెల, చింగం, మొదటి రోజున ప్రారంభమన్నారు. ముందురోజు జెస్సి కొత్త యూనిఫాం కుట్టు సరిచేయించుకోవడానికి శ్రీకళ ఇంటికి వచ్చింది. శ్రీకళ ఆమెకు చేచీ, అంటే అక్క.

"ఫోన్లు లాకర్లో పెట్టాలంట చేచీ. పని అయ్యేదాకా ముట్టుకోకూడదంట."

సూదిలోకి దారం ఎక్కిస్తున్న శ్రీకళ చెయ్యి ఆగింది. "మరి అమ్మ బయలుదేరినప్పుడు?"

"గుమ్మం పక్క కౌంటరు అడిగాను. ఇస్తే నా కళ్ళ ముందునుంచే కదా పోవాలి. ఆపి కూర్చోబెడతాలే."

"ఇవ్వకపోతే?"

జెస్సి భుజం మీద కుట్టు చూసుకుంది. "ఇదేం రంగు చేచీ, బొప్పాయి పండినట్టున్నాను" అంది.

మర్నాడు సెలవు దొరకలేదు. వకీలుకు ముఖ్యమైన దావా ఉంది. శ్రీకళ తల్లికి తల దువ్వి, చీర కుచ్చిళ్ళు సర్ది, జంక్షన్ దాకా తోడొచ్చింది. కొత్త బోర్డు మీద బెలూన్లు, గుమ్మానికి బంతిపూల దండలు. లోపల దీపపు సెమ్మె వెలిగించే సందడి. తల్లిని కొట్టు దాకా దిగబెట్టాలనే అనుకుంది, కానీ బస్సు వచ్చేసింది. అది పోతే కోర్టు వేళకు అందుకోలేదు. బస్సెక్కి టార్పాలిన్ కొస ఎత్తి చూసింది.

డ్రమ్ము ఉంది. గుమ్మానికి పక్కన కాదు, కాస్త అవతల గోడ వారగా, విరిగిన పాత ర్యాకుల సరసన ఉంది. కానీ ఉంది. తంకమణి దాని దగ్గరకు నడిచి, గొడుగు మడిచి, నీళ్ళు విదిలించి, అందులో నిలబెట్టింది. అద్దాల తలుపు దానంతటది తెరుచుకునేసరికి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత లోపలికి వెళ్ళింది.

డ్రమ్మును పారేయలేదు అనుకుంది శ్రీకళ. కంపెనీ అయితే మాత్రం, వాళ్ళకూ గొడుగులుంటాయి కదా.

మధ్యాహ్నానికి ఆ ధైర్యం కరిగిపోయింది. వాన ముదిరింది. జెస్సి ఫోను మోగి మోగి ఆగిపోయింది. కొట్టు పాత నంబరుకు చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పింది. శ్రీకళ ఆ తియ్యదనాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. వాన చప్పుడులో కాలువ చప్పుడు కలిసి వినిపిస్తున్నట్టుంది. టైపు చేసిన కాగితం వకీలు చేతికిచ్చింది. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"శ్రీకళా, ప్రతివాది పేరు ఏమిటి?"

"మాధవ కురుప్పు సార్."

"మరి నువ్వు తంకమణి అని కొట్టావు. మీ అమ్మ మీద నేను దావా వేయడంలేదమ్మా." ఆమె ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "వెళ్ళు. ముందు ఇంటికి వెళ్ళు."

రోజూ ఎక్కే బస్సు కంటే ముందు బస్సు దొరికింది. జంక్షన్‌లో టార్పాలిన్ ఎత్తి చూసింది. గోడ వారగా డ్రమ్ము లేదు. విరిగిన ర్యాకులూ లేవు. అక్కడ నేల మాత్రం డ్రమ్ము అడుగంత గుండ్రంగా తుప్పు రంగు తేలి ఉంది.

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి, వచ్చినవాళ్ళ గొడుగులకు పొడవాటి ప్లాస్టిక్ సంచులు తొడిగి, లోపలికి తీసుకెళ్ళండి అంటోంది. ఆమె పక్కన మావేలి వేషం కట్టిన మనిషి, బలిచక్రవర్తి కిరీటం, పెద్ద పొట్ట, చేతిలో తాటాకు గొడుగు, పిల్లలకు మిఠాయిలు పంచుతున్నాడు. శ్రీకళ జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. జెస్సి చిట్టచివరి కౌంటరులో, గుమ్మానికి వీపు పెట్టి ఉంది. ఆమె ముందు పొడవాటి వరస.

"జెస్సీ, అమ్మ ఏది?"

జెస్సి చేతిలో సబ్బు పెట్టె అలాగే ఉండిపోయింది. "అమ్మ వచ్చిందా చేచీ? పూజ అవగానే బయటికి వచ్చి చూశాను. డ్రమ్మే లేదు. గొడుగు కనపడలేదు. మీరు ఇంట్లోనే ఉంచేశారనుకున్నాను."

"నేను చూశాను జెస్సీ. లోపలికి రావడం నా కళ్ళతో చూశాను."

మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, మెడకు టై, కళ్ళలో నిద్రలేమి. మైకులో చెప్పించాడు. ఇద్దరు కుర్రాళ్ళను వరసలన్నీ తిప్పి చూడమన్నాడు. కెమెరాల సంగతి అడిగితే, "బిగించారు మేడం. కనెక్షన్ రేపిస్తామన్నారు" అన్నాడు తల దించుకుని. కుర్రాళ్ళు తిరిగొచ్చి లేదన్నారు.

చివరికి చెప్పినవాడు మావేలి.

"పొడుగ్గా, పలచగా ఉంటుందా? ఆ ముసలావిడేనా? బయటికొచ్చిందమ్మా. మధ్యాహ్నం కాకముందే. నా గొడుగేది రాజా అంది. వేళాకోళమనుకుని నా తాటాకు గొడుగు ఇవ్వబోయాను. ఇదా గొడుగు, నీ మొహంలా ఉంది అని తిట్టింది."

"తర్వాత?"

"ఆ గోడ దాకా పోయింది. అక్కడ నిలబడి కిందకీ పైకీ చూసింది. ఇంతలో పిల్లలు మిఠాయిలకు మీద పడ్డారు." మావేలి కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. అట్ట కిరీటం కింద అతని జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. "మళ్ళీ చూసేసరికి లేదమ్మా. ఎటు పోయిందో నిజంగా చూడలేదు."

గోడ దాటితే రోడ్డు. రోడ్డు దాటితే కాలువ.

శ్రీకళ పరుగెత్తింది. కాలువ ఒడ్డు మునిగి, ఎక్కడ రోడ్డు ఆగుతుందో ఎక్కడ నీళ్ళు మొదలవుతాయో తెలియడం లేదు. గుర్రపుడెక్క దట్టంగా పట్టి, వరద లాగుతుంటే మొత్తం పచ్చటి చాపలా కదులుతోంది. ఆ చాప కింద ఏముందో పైకి తెలియదు. ఆమె ఒడ్డు వెంట నడుస్తూ అమ్మా అని పిలిచింది. తర్వాత తంకమణీ అని పేరు పెట్టి పిలిచింది. కూతురన్న మాట గుర్తుకు రాకపోయినా పేరు గుర్తుంటుందేమోనని.

సుగుణన్ ఆటో తెచ్చాడు. స్టాండులో మిగిలినవాళ్ళు వంతెన వైపు పోయారు. వంతెన కింద, గుర్రపుడెక్క మధ్య ఏదో నల్లటి గుడ్డ ఉబ్బి కనిపించింది. ఒకతను పడవ గెడతో దాన్ని దగ్గరకు లాగుతుంటే శ్రీకళ కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఏదో తాను ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. ఒడ్డుకు వచ్చింది విరిగిన గొడుగు. ఊచలు బయటికొచ్చి ఉన్నాయి. పిడికి తాడు లేదు.

"ఇది కాదు" అంది. 

"కూర్చో, ముందు ఆటోలో కూర్చో" అన్నాడు సుగుణన్. "బుద్ధి కుదుట పెట్టుకుని ఆలోచించు. మీ అమ్మ ఎక్కడ ఆగుతుంది? ఎప్పుడైనా ఎక్కడ ఆగింది?"

"డ్రమ్ము దగ్గర ఆగుతుంది."

సుగుణన్ ఇంజను తిప్పబోతూ ఆమె వైపు చూశాడు. "డ్రమ్మా? నీలం డ్రమ్మా? దాన్ని పొద్దున్నే వంతెన అవతలి కల్లు దుకాణం వాసవన్ తోపుడుబండి మీద వేసుకుపోయాడు. నేను చూశాగా."

వంతెన దాటుతున్నంతసేపూ శ్రీకళ రెయిలింగు లేని వైపే చూసింది. తల్లి ఆ బండి పోయిన దారినే నడిచి ఉంటుంది. తన డ్రమ్ము ఎటు పోయిందో ఎవరినో అడిగి వెంటపడి ఉంటుంది. కల్లు దుకాణం గుమ్మంలో నీలం డ్రమ్ము కనిపించింది. నిండా గొడుగులు. వాటి మధ్య, ఎత్తుగా, ఎర్రతాడు చుట్టిన పిడి.

అమ్మ లోపల ఉంది. ఏళ్ళ తరబడి ఆ పిడి చూసి అలా అనుకోవడం ఒంటికి అలవాటు.  శ్రీకళ ఆ పిడిని ఒకసారి తాకి లోపలికి నడిచింది.

లోపల బల్లల మీద ఉడికించిన కర్రపెండలం, చేపల కూర, కుండలు. మగవాళ్ళంతా తలలు తిప్పారు.

"ఎవడి పెళ్ళామోయ్, లేవండి" అన్నాడొకడు. ఎవరో నవ్వారు.

"మా అమ్మ కోసం వచ్చాను" అంది శ్రీకళ.

నవ్వు ఆగిపోయింది. ఆమె ఒక్కొక్క బల్లనే చూసింది. మూలకు వెళ్ళి చూసింది. వంటగది తెర ఎత్తి చూసింది. తల్లి లేదు.

వాసవన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం చేచీ?"

"బయట ఆ ఎర్రతాడు గొడుగు. అది పెట్టిన మనిషి ఏది?"

"ఎవరూ పెట్టలేదు చేచీ, దాంతోనే వచ్చింది. డ్రమ్ము తీసుకోరా అని దేవస్సి చేట్టన్ అన్నాడని పొద్దున వెళ్ళాను. గోడ పక్కన ఉంటే ఎత్తి బండి మీద వేశాను. ఇక్కడికొచ్చి దించుతుంటే అందులో ఈ గొడుగుంది. ఇంత ఇదిగా తాడు పేనుకున్న మనిషి దానికోసం రాకుండా ఉండదులే అని అక్కడే ఉంచాను."

శ్రీకళ గొడుగు తీసింది. గొడుగు ఇక్కడుంది, మనిషి లేదు. ఇన్నేళ్ళలో ఆ రెండూ వేరుపడిన రోజు లేదు. నాన్నను ఇక్కడి ఆచారం ప్రకారం ఇంటి దక్షిణపు దొడ్లోనే చితి మీదికి చేర్చిన నాడు కూడా జోరున వాన. మోసేవాళ్ళను ఆగమని, అమ్మ ఇంట్లోకి తిరిగి వెళ్ళి ఈ గొడుగే తెచ్చి, నిప్పు పెట్టేదాకా ఆయన ముఖానికి అడ్డం పట్టింది. వానలో ఆమె గొడుగు లేకుండా దారి పట్టదు. గోడ దాకా వచ్చి, డ్రమ్ము లేదని చూసి, గొడుగు వెతుక్కోవడానికి మళ్ళీ లోపలికే పోయి ఉంటుంది.

"సుగుణన్ చేట్టా, వెనక్కి పోనీ. అమ్మ ఆ కొట్టు వదిలి రాలేదు."

మేనేజరు అంతా వెతికామన్నాడు. సరుకు నిలవుంచే చల్లగదులు కూడా చూశామన్నాడు.

"బావి వైపు వరండా చూశారా?"

"వరండా లేదు మేడం. ప్లానులో వెనక వైపు గోడే ఉంది."

జెస్సి కౌంటరు వదిలి లేచింది. ఆమె ముందు బుట్ట పట్టుకున్నావిడ "ఏమ్మా, నా సామాను?" అంటోంది. జెస్సి వినలేదు. చల్లగది పక్క సందులోంచి, సరుకు పెట్టెల మధ్యనుంచి, ముందు ఆమె, వెనక శ్రీకళ పరుగెత్తారు. సందు చివర కొత్త ఇనుప తలుపు. సరుకు దించేటప్పుడు మాత్రం తీసేది. స్ప్రింగు తలుపు, దానంతటది మూసుకుంటుంది. లోపలినుంచే తీయడానికి వస్తుంది. అవతలినుంచి పట్టుకోవడానికి పిడి కూడా లేదు.

పొద్దుట సరుకు దింపినప్పుడు తెరిచి ఉండి ఉంటుంది.

శ్రీకళ తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. అవతలినుంచి ఏ చప్పుడూ లేదు. ఇంట్లో ఆ తలుపు లోపలివైపు మరకలు ఆమె కళ్ళ ముందు మెదిలాయి. "నువ్వు తియ్యి జెస్సీ" అంది. జెస్సి తీసింది.

వరండా మిగిలే ఉంది. చూరునుంచి నీళ్ళు తెరలా పడుతున్నాయి. బోర్లించిన పాలపెట్టె మీద తంకమణి కూర్చుని ఉంది. చీర సగం తడిసి ఒంటికి అంటుకుంది. పెదవులు నల్లబడ్డాయి. ఒళ్ళో, పెట్టెలకు కట్టి వచ్చిన ప్లాస్టిక్ పట్టీలు. ఎవరో పారేసిన అట్టముక్కల్ని ఆ పట్టీలతో కట్టలు కడుతోంది. పక్కన కట్టలు పొందికగా పేర్చి ఉన్నాయి.

శ్రీకళ ముందు ఆమె చేతులు చూసింది. చలికి ముడుతలు పడి ఉన్నాయి. నెత్తురు లేదు.

"తలుపు కొట్టలేదేమమ్మా? ఎందుకు కొట్టలేదు?"

తంకమణి తలెత్తి ఆమెను పరీక్షగా చూసింది. తర్వాత జెస్సి ఒంటిమీది రంగు చూసింది.

"మీరిద్దరూ కొత్తగా చేరారా?"

జెస్సి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా గొడుగు ఎవడో ఎత్తుకుపోయాడమ్మాయ్" అంది తంకమణి శ్రీకళతో. "వెతుకుతారులే అని కూర్చున్నాను. అది లేందే ఎట్లా పోను?"

"వాన తగ్గింది, పోవచ్చులే" అంది శ్రీకళ. 

"వానకు కాదే పిచ్చిదానా. మా అమ్మాయి రోజూ బస్సులోంచి చూస్తుంది. గుమ్మంలో నా గొడుగు కనపడాలి దానికి. కనపడకపోతే హడలిపోతుంది. చిన్నప్పటినుంచీ పిరికిది." పట్టీ ముడి బిగించి, కట్టను పక్కన పెట్టింది. "అది అలా చూస్తుందని నాకు తెలుసన్న సంగతి దానికి తెలియదు."

చూరు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. శ్రీకళ గొడుగు ముందుకు చాచింది. తంకమణి పిడి మీది తాడు వేళ్ళతో తడిమి, "ఇదే, ఇదే" అంటూ లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి తూలితే శ్రీకళ నడుము పట్టుకుంది. ఎముకల మీద చర్మం చల్లగా తగిలింది.

వాళ్ళు దుకాణం మధ్యనుంచి నడుస్తుంటే జనం పక్కకు తొలిగారు. మేనేజరు ఒక కుర్చీ పట్టుకుని వెంట వచ్చాడు. గుమ్మం దగ్గర శ్రీకళ చెవిలో మెల్లగా అన్నాడు:

"రేపటినుంచి వద్దు మేడం. దయచేసి. ఆ తలుపు వెనక ఏమైనా అయ్యుంటే..." పట్టుకొచ్చిన కుర్చీ అక్కడే దింపాడు. 

"ఓకే" అంది శ్రీకళ.

బయట తంకమణి నేరుగా గోడ దగ్గరకు వెళ్ళింది. తుప్పు గుండ్రం దగ్గర ఆగింది. గొడుగు దింపబోయింది. అక్కడ దింపడానికి ఏమీ లేదు. అటూ ఇటూ చూసింది. తర్వాత గొడుగు శ్రీకళ చేతిలో పెట్టింది.

"నువ్వు పట్టుకుని ఇక్కడ నిలబడు. మూసి పట్టుకో. పిడి పైకి ఉండాలి, తాడు కనపడాలి. ఇప్పుడు దాని బస్సు వస్తుంది."

శ్రీకళ ఆ గుండ్రంలో నిలబడింది. పిడి పైకెత్తి పట్టుకుంది. వాన నెత్తిమీద పడుతోంది. మావేలి వచ్చి తన తాటాకు గొడుగు తంకమణికి పట్టాడు. ఈసారి ఆమె తిట్టలేదు. ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

రేపు పొద్దున్న ఈమె మళ్ళీ బయలుదేరుతుంది. ఈ గుమ్మం ముందుకు వస్తుంది. ఆగమని చెప్పడానికి ఇక్కడ ఏమీ ఉండదు. నేరుగా వెళితే వంతెన. శ్రీకళ చెయ్యి బరువెక్కింది కానీ దించలేదు.

బస్సు వచ్చింది. రోజూ తను ఎక్కే బస్సు. టార్పాలిన్లు దించి ఉన్నాయి. జంక్షన్ మలుపులో నెమ్మదించింది. వెనకవైపు ఒక కిటికీ దగ్గర టార్పాలిన్ కొస పైకి లేచింది. లోపలి చీకటిలోంచి ఎవరో బయటికి చూసి, వాన కొట్టేసరికి మళ్ళీ దించేశారు.

"చూసింది" అంది తంకమణి. ఆమె భుజాలు దిగాయి. "ఇక భయపడదు."

బస్సు వెళ్ళిపోయింది. శ్రీకళ ఆ గొడుగు అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడింది.